వరుస ముందు నక్షత్రం

"ఆ కాగితం మీద సంతకం పెట్టావంటే ఈ ఇంట్లో నా చేతి వంట నీకు లేదయ్యా! వింటున్నావా?"

కుల్యాష్ గొంతుకి గాజు బీరువాలో పింగాణీ గిన్నెలు సన్నగా మోగాయి.

తోక్తార్ వింటున్నాడు. వినకపోవడానికి ఆ ఇంట్లో చోటెక్కడుంది? కళ్ళజోడు ముక్కు చివరికి జారినా సర్దుకోకుండా, నూనెలో వేయించిన బౌర్సాకుల పళ్ళేనికీ చెర్రీ జామ్ గిన్నెకీ మధ్య పెట్టుకున్న కాగితం వైపే చూస్తున్నాడు. పైన "సంజాయిషీ" అని పెద్ద అక్షరాలు. కింద నాలుగే వాక్యాలు. మార్చి ఇరవై ఎనిమిదిన మూడో నంబరు క్రేన్‌కి కరెంటు తిరిగి వదలడానికి అనుమతి ఇచ్చింది నేనే. పైన మనిషి ఉన్నాడో లేడో చూసుకోలేదు. ఫిట్టర్ బేకెన్ చెయ్యి నలిగిపోవడానికి బాధ్యత నాదే. నన్ను విధుల నుంచి తప్పించవలసిందిగా కోరుతున్నాను.

సంతకం చోటు ఇంకా ఖాళీగానే ఉంది. రేపు సోమవారం, పొద్దున తొమ్మిదింటికి దాన్ని కమిటీకి ఇవ్వాలి.

"ముప్పై నాలుగేళ్ళు ఆ వ్యాగన్ల షెడ్డులో షిఫ్టు మాస్టర్‌వి. ఒక్కడి గోరు కూడా ఊడనివ్వలేదు. ఇంకో రెండేళ్ళుంటే బ్యాండు మోగించి పంపేవాళ్ళు. ఇప్పుడేమో దొంగలా వెనక గేటులోంచి వస్తావా?"

"కంప్యూటర్‌లో నా పేరే పడింది కదా," అన్నాడు తోక్తార్.

"పడితే? మీట నొక్కింది నువ్వేనా?"

తోక్తార్ కాగితం అంచు సరిచేశాడు.

"అదీ సంగతి! అది అడిగేసరికి నోటికి తాళం. మాదియార్, నువ్వయినా చెప్పరా మీ నాన్నకి. నీకూ మాట పడిపోయిందా? ఈ ఇంట్లో మగాళ్ళంతా ఇర్తిష్ నది చేపలైపోయారేంటి, నోరు తెరవడమే తప్ప మాట రాదు!"

మాదియార్ చెంచాతో జామ్‌లో గీతలు గీస్తున్నాడు. తల ఎత్తలేదు.

బల్నూర్ సమోవార్ పక్కన కూర్చుని టీ పోస్తోంది. ఈ ఇంటికి కోడలై వచ్చి రెండు నెలలు. ముందు పాలు, తర్వాత డికాక్షన్, ఆఖరున వేణ్నీళ్ళు. మామగారికి ముదురు రంగు, అత్తగారికి లేత రంగు, మాదియార్‌కి ఎలా పోసినా సంతోషమే. గిన్నెలో సగానికి మించి పోయకూడదు. కొంచెం పోస్తే మళ్ళీ అడుగుతారు, మాట సాగుతుంది. నిండా పోస్తే తాగి లేవమన్నట్టు. ఎవరి గిన్నె ఎప్పుడు ఖాళీ అవుతుందో తల తిప్పకుండానే తెలిసిపోయే విద్య తనకి అబ్బిందని ఆమెకి భలే గర్వం. రోజూ అయితే ఆ గిన్నెల్లోంచి లేచే ఆవిరి చూసినా సంబరమే.

ఈ రోజు ఆవిరి కనబడటం లేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో, కంప్యూటర్ తెర మీద చూసిన ఒక నక్షత్రం గుర్తు కళ్ళముందు నుంచి కదలటం లేదు.

"కెలిన్!"

కోడలా అన్న అత్తగారి కేకకి ఉలిక్కిపడి చూసుకుంది. తోక్తార్ ముందు పెట్టిన గిన్నె అంచుల దాకా నిండి, టీ పళ్ళెంలోకి కారుతోంది.

కుల్యాష్ చేతిలో చెంచా కింద పెట్టింది.

"సొంత ఇంట్లో కూడా లేచి పొమ్మంటున్నావా ఆయన్ని? ఇవాళే దొరికిందా నీకు?" కుల్యాష్ గొంతు ఈసారి పెద్దగా లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"అయ్యో, ఆతా!" అంది బల్నూర్ మామగారితో. "నేను... చూసుకోలేదు. క్షమించండి."

తోక్తార్ గిన్నె రెండు చేతులతో ఎత్తి, ఒక్క చుక్క కింద పడకుండా మొత్తం తాగాడు. "వదిలెయ్ కుల్యాష్. చాలా దాహంగా ఉన్నానని పిల్ల కనిపెట్టింది," అన్నాడు. నవ్వాలని చూశాడు గానీ రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

బల్నూర్ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

వెనకే మాదియార్ వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు. "ఝానిమ్, నా ప్రాణమా, ఏడుస్తున్నావా? అమ్మ మాటలకేం గానీ, సాయంత్రానికి తనే మర్చిపోతుంది."

"ఏడవటం లేదు. నిన్నొకటి అడగాలని శుక్రవారం నుంచీ చూస్తున్నాను. నువ్వు నా కళ్ళలోకి చూడటం లేదు."

"అడుగు."

"కరెంటు అనుమతి ఇచ్చే ప్రోగ్రాము నువ్వు రాసిందేగా?"

మాదియార్ కొళాయి వంక చూశాడు. "నేనే."

కర్మాగారం కొనుక్కున్న పెద్ద సాఫ్ట్‌వేర్‌లో, తమ అవసరం కొద్దీ సొంతంగా రాయించుకున్న కోడ్‌లు మూడు వందల నలభై ఉన్నాయి. అన్నిటి పేర్లూ జెడ్ అక్షరంతోనే మొదలవుతాయి. అవి రాసే విభాగంలో మాదియార్ పని. ఎవరు ఏ కోడ్ తెరవచ్చో, తెరిచేటప్పుడు "నీకు అధికారం ఉందా" అని అడిగే వరుస లోపల ఉందో లేదో చూసే ఆడిట్ విభాగంలో బల్నూర్ పని. మొదటిసారి పోట్లాడుకున్నదీ ఆ వరుసల గురించే, ప్రేమలో పడిందీ అక్కడే.

"లోపల అధికారం అడిగే వరుస ఉంది," అంది బల్నూర్. "దాని ముందు ఒక నక్షత్రం ఉంది. నక్షత్రం పెట్టాక యంత్రం ఆ వరుసని చదవదు. కాపలావాడి బొమ్మ గీసి గుమ్మానికి అంటించినట్టే. మాస్టర్ నొక్కినా, ఊడ్చేవాడు నొక్కినా ఒకటే. నొక్కింది ఎవరైనా సరే, చిట్టాలో మాత్రం ఆ షిఫ్టు మాస్టర్ పేరే దానంతటదే పడుతుంది. అంటే ఆతా నొక్కలేదు, అవునా? పక్కన తేదీ ఉంది. జనవరి ఇరవై మూడు. నీ పేరు ఉంది."

మాదియార్ స్టూలు మీద కూలబడ్డాడు.

"బురాన్, ఆ మంచు తుఫాను గుర్తుందా? రోడ్లన్నీ మూసేశారు. నాన్న షిఫ్టు ముప్పై గంటలు లోపలే ఇరుక్కుంది. ఆయన ఒక్కడే మాస్టర్, నాలుగు షెడ్లు. ఒక్కొక్క అనుమతికీ మంచులో పడి నడిచి కంప్యూటర్ దగ్గరికి రావాలి. ఫోన్ చేసి, ఒరేయ్ దీన్ని కాసేపు అందరికీ తెరవరా, మనుషులు గడ్డకట్టిపోతున్నారు అన్నాడు. నక్షత్రం పెట్టి సరాసరి ఎక్కించేశాను. సోమవారం తీసేద్దామనుకున్నా."

"తీయలేదేం?"

"శనివారం మన పెళ్ళి, బల్నూర్." అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "వారం సెలవు. తిరిగి వెళ్ళాక నా బుర్రలో నువ్వు తప్ప ఇంకేమీ లేదు."

ఇంకో రోజైతే ఈ మాటకి ఆమె అతని చెవి మెలిపెట్టి నవ్వేది. ఇప్పుడు తడిగుడ్డ అందుకుని పిండసాగింది. చెప్పవలసింది ఇంకా ఉంది. అది తనది.

"ఫిబ్రవరిలో మీ కోడ్‌లన్నీ తనిఖీ చేసింది నేను," అంది.

"తెలుసు."

"తెలియదు నీకు. మూడు వందల నలభైలోనూ ఆ అధికారం అడిగే మాట కోసం కంప్యూటర్ చేతే వెతికించాను. మాట దొరికినవాటికి పచ్చ గుర్తు, దొరకనివాటికి ఎర్ర గుర్తు. నక్షత్రం ఉన్న వరుసలో కూడా ఆ మాట ఉంటుంది కదా! దొరికింది. పచ్చ పెట్టేశాను."

"తెరిచి చూడలేదా?"

"ఎనభై రెండు తెరిచి చూశాను. అన్నీ చూడాలి. ఆ రోజు శుక్రవారం. గేటు దగ్గర వేడి వేడి మాంసం సంసాలు పట్టుకుని నిలబడ్డానని, అవి చల్లారిపోతున్నాయని నువ్వు మెసేజ్ పెట్టావు. పరుగెత్తుకొచ్చాను."

ఆ సంసాల రుచి ఇద్దరికీ గుర్తుంది. ఉల్లిపాయా కొవ్వూ కారి ఆమె చేతి తొడుగుకి మరక కూడా అయింది. ఉతకడానికి మనసొప్పక ఆమె దాన్ని అలాగే దాచుకుంది.

"అయితే నా ఒక్కడి తప్పే కాదన్నమాట," అన్నాడు మాదియార్.

ఓదార్పుగా అందామనుకున్నాడు కాబోలు. ఆమెకి ఒళ్ళు మండింది.

"పంచుకోవడానికి ఇదేమైనా కేకా?"

"అరవకు, బయటికి వినిపిస్తుంది. విను. రేపు పొద్దున ఎనిమిదికి వెళ్ళి నక్షత్రం తీసేస్తాను. నువ్వు నీ పద్ధతి మార్చుకో. ఇంకెప్పుడూ ఇలా జరగదు. నాన్న ఎలాగూ ఒప్పుకున్నాడుగా."

బల్నూర్ చేతిలో గుడ్డ పిండుతూనే ఉంది. నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"అలా చూడకు నన్ను. చెబితే ఇద్దరం ఒకేసారి ఇంట్లో కూర్చుంటాం. నాన్నకి మాత్రం అది సంతోషమా?"

"మీ నాన్న ఎదురుగా ఆ మాట అను. పద, నేనూ వస్తాను."

అతను లేవలేదు. ఆమె ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అతను ఆపలేదు.

అవతల ఆడిట్ పెద్ద లారిసా పావ్లొవ్నా చాలాసేపటికి ఎత్తింది. "ఆదివారం కూడా వదలవా పిల్లా? టమాటా నారు మారుస్తున్నాను. చేతినిండా మట్టి. మొగుడితో గొడవా?"

"కాదు. అవును. ముందు వినండి."

మొత్తం చెప్పింది. నక్షత్రం, తేదీ, పేరు. అవతల డబ్బా కింద పెట్టిన చప్పుడైంది.

"ఆ కోడ్ తెరవగలిగేవాళ్ళు ఎంతమంది?"

"నాలుగు వందల పన్నెండు."

"ఫిబ్రవరిలో దానికి పచ్చ ఇచ్చింది ఎవరు?"

"నేనే."

"మాదియార్ నీ మొగుడు. మాస్టర్ నీ మామ." లారిసా పావ్లొవ్నా ఊపిరి తీసుకుంది. "నీ లాగిన్ ఇప్పుడే మూయిస్తున్నాను. కోపంతో కాదు, నీ మంచికే. ఇక నుంచి అక్కడ ఒక్క అక్షరం చెరిగినా నువ్వే చెరిపావంటారు. నీ మొగుడిదీ మూయిస్తాను. రేపు కమిటీకి ఇద్దరూ రండి. ఇంకో మాట. మీ మామ చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించకు. పెట్టాక నీ నక్షత్రం వైపు ఎవడూ చూడడు."

ఫోను పెట్టేశాక బల్నూర్‌కి ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. కింద ఇర్తిష్ మీద మంచు విరిగి పెద్ద పెద్ద పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. ఒక పలక మీద కాకి నిలబడి, బస్సెక్కినట్టు దర్జాగా ప్రయాణం చేస్తోంది. నవ్వొచ్చింది. ఉద్యోగం పోతేనేం? ఆతా తలెత్తుకుని నడుస్తాడు.

హాల్లోకి పరుగెత్తింది. "ఆతా, సంతకం పెట్టకండి! మీట ఎవరు నొక్కినా మీ పేరే పడుతుంది. నాలుగు వందల మందిలో ఎవరైనా నొక్కి ఉండొచ్చు. రేపు కమిటీ ముందు చెబుతాను."

కుల్యాష్ ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "నేను చెప్పలేదూ! చెప్పలేదూ నేను!" అంటూనే ఆగింది. "ఉండు. అలా పడేలా చేసిందెవరు?"

"నేనేనమ్మా," అన్నాడు వంటింటి గుమ్మంలోంచి మాదియార్.

"తనిఖీలో పట్టుకోనిది నేను, అపా," అంది బల్నూర్ అత్తగారితో.

"వాణ్ణి అడిగింది నేను," అన్నాడు కిటికీ దగ్గర్నించి తోక్తార్.

కుల్యాష్ ముగ్గురినీ వరసగా చూసి కుర్చీలో కూర్చుంది. "భలే ఇల్లు కట్టుకున్నాను. ముగ్గురు ముద్దాయిలూ, వాళ్ళకి టీ ఇచ్చే నేనూ."

తోక్తార్ నవ్వలేదు. మెల్లగా కోడలి ముందుకి వచ్చాడు. "ఎవరికి చెప్పావు?"

"మా లారిసా పావ్లొవ్నాకి."

"వెనక్కి తీసుకోగలవా?"

"లేదు ఆతా. నా లాగిన్ కూడా మూసేశారు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. "కొడుకుని కాపాడటానికి సంతకం పెడుతున్నాననుకున్నావా?"

"మరి?"

"ఇప్పుడు ఎవరు నొక్కారని వెతుకుతారా?"

"వెతుకుతారు. ఆ గంటలో షెడ్డు గుమ్మం పక్కనున్న కంప్యూటర్‌ని ఎవరి లాగిన్‌తో తెరిచారో ఇంకో చిట్టాలో ఉంటుంది. నేను ఇంకా చూడలేదు."

"నువ్వు చూడక్కర్లేదు. నేను చూశాను, ఈ కళ్ళతో." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "బేకెన్."

కుల్యాష్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మోటారు తిరుగుతుందో లేదో చూద్దామని వాడే నొక్కాడు. నొక్కాక, పానా పైన మర్చిపోయానని మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. క్యాబిన్‌లో ఉన్నవాడు దీపం వెలిగింది కదా అని క్రేన్ కదిపాడు. నేను షెడ్డు ఆ చివర ఉన్నాను. అరిచాను. నా అరుపు అక్కడి దాకా వెళ్ళలేదు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మాస్టర్ తప్పయితే వాడికి బతికినన్నాళ్ళూ పెన్షన్. వాడి తప్పే అయితే దానికి కోత పెడతారు. కుడి చేతికి మూడు వేళ్ళు లేవు. నలుగురు పిల్లలు. నాకేం, రెండేళ్ళ పని. అది ఇచ్చేద్దామనుకున్నాను."

బల్నూర్ చేతిలో ఫోను బల్ల మీద పెట్టేసింది. "నాకు చెప్పి ఉండాల్సింది, ఆతా."

"చెబితే? ఆడిట్‌లో ఉన్నదానివి. నీ చేత కూడా దాపరికం చేయించనా?"

తోక్తార్ గోడకున్న టోపీ అందుకున్నాడు.

"పద కెలిన్. ఆసుపత్రిలో నాలుగింటి దాకా చూడనిస్తారు. కమిటీ వాళ్ళ నోటి నుంచి వినకముందే మనం చెప్పాలి వాడికి."

"నేనా?"

"చెప్పేసింది నువ్వేగా."

కుల్యాష్ లేచి బౌర్సాకులన్నీ సంచిలోకి ఒంపింది. "పిల్లలకివ్వు," అంది, కోడలి కళ్ళలోకి చూడకుండా. మాదియార్ తన కోటు కూడా తీశాడు. తండ్రి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు ఇక్కడుండు. మందలా వెళితే వాడు భయపడతాడు."

ఆసుపత్రికి బస్సులో అరగంట. దారిపొడుగునా బల్నూర్ మనసులో వాక్యాలు కట్టుకుంది. ఒక్కటీ నిలబడలేదు. తప్పు నీది కాదు అందామంటే, కాకుండా పోదు. తప్పు ప్రోగ్రాముది అందామంటే, దాన్ని రాసిందీ చూసిందీ మనుషులే. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు.

మూడో అంతస్తులో, వార్డు తలుపు దగ్గరే బేకెన్ భార్య గౌహర్ అడ్డం నిలబడింది. కండువా కింద జుట్టు చెదిరి ఉంది. నిద్ర లేని కళ్ళు. ఆమె వెనక, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి వీపూ, దిండు మీద తెల్లటి కట్టూ కనిపిస్తున్నాయి.

"ఎందుకొచ్చారు?"

తోక్తార్ టోపీ తీశాడు. "చూసి వెళదామని, చెల్లెమ్మా."

"చూడటానికి ఇంకేం మిగిల్చారు? పదకొండేళ్ళు మీ పేరు చెప్పుకుని బతికాడు. మా మాస్టర్ ఉన్నంతవరకూ నాకేం కాదనేవాడు. పైన మనిషున్నాడో లేడో తలెత్తి చూడటానికి మెడ నొప్పెట్టిందా మీకు?"

తోక్తార్ తల వంచుకున్నాడు. టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. పక్క మంచాల వాళ్ళు రేడియో తగ్గించారు.

"అక్కా, ఆయన్ని అలా అనకండి," అంది బల్నూర్. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

గౌహర్ ఇటు తిరిగింది. "నువ్వెవరు?"

"ఆయన కోడల్ని. కర్మాగారంలో ఆడిట్‌లో పని చేస్తాను."

"ఆడిట్‌లోనా?" గౌహర్ రెండడుగులు దగ్గరికి వచ్చింది. "అయితే నీకన్నీ తెలుసుంటాయి. పొద్దున్నుంచి ఈయన గోడ వైపు తిరిగి పలకడం లేదు. నేను ఎవరిని అడగను? నువ్వు చెప్పు. మీ మామ కాకపోతే ఇంకెవరు నొక్కారు దాన్ని?"

మంచం కిర్రుమంది. బేకెన్, కట్టు కట్టిన చేతిని గుండెకి హత్తుకుని, మెల్లగా ఇటు తిరిగి బల్నూర్ మొహంలోకి చూశాడు.